మట్టిని పట్టి ఉంచే జీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం ఎర్ర నేల అయినా, నల్లగొండ చల్క అయినా, కోనసీమ లంక అయినా, మట్టి పోతోందన్న బాధ ఒకటే. గట్టు వేయండి, కందకం తవ్వండి, చెక్‌డ్యామ్ కట్టండి అని అందరూ చెబుతారు. అవన్నీ అవసరమే. కాకపోతే అవి కదిలిన మట్టిని ఆపే పనులు. అసలు మట్టి కదలకుండా చూసుకునేవి వేర్లు, బూజు దారాలు, బ్యాక్టీరియా, వానపాములు, నాచు. వాటి గురించి రైతులు, విద్యార్థులు, మిద్దె తోటల వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మట్టి తనంతట తానే అంటుకుని ఉంటుంది కదా, దానికి జీవులెందుకు?

కొంతవరకు ఉంటుంది. బంకమన్ను రేణువుల మీద విద్యుదావేశం ఉంటుంది. కాల్షియం, ఇనుము లాంటివి వాటి మధ్య చేరి పట్టి ఉంచుతాయి. మన ఎర్ర నేలలకు ఆ రంగునిచ్చే ఇనుమే అక్కడ రేణువులను దగ్గర చేస్తుంది కూడా. అయితే ఈ పట్టు చాలా సన్న స్థాయిలో ఉంటుంది. ఇలా తయారయ్యే రవ్వలు సాధారణంగా పావు మిల్లీమీటరు కూడా ఉండవు.

ఆ సన్న రవ్వలు కలిసి పెసర గింజంత, శనగ గింజంత గుల్ల రవ్వలుగా మారితేనే నేల బాగుపడుతుంది. అప్పుడే వాటి మధ్య ఖాళీల్లోకి నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది, వేరు సులువుగా పోతుంది. ఈ పెద్ద రవ్వలను కట్టేది ముఖ్యంగా జీవులే. నువ్వులను ఎంత గట్టిగా పిడికిట్లో నొక్కినా ఉండ కాదు, పాకం పడాలి. మట్టికి ఆ పాకం జీవుల నుంచి వస్తుంది.

ఎండాకాలంలో మా చేలో గడ్డపార కూడా దిగదు. అంత గట్టి మట్టి వానకు ఎందుకు కొట్టుకుపోతోంది?

గట్టిదనం వేరు, పట్టు వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎండినప్పుడు పగలగొట్టలేని పెళ్ల నీళ్లలో వేస్తే నిమిషంలో బురదైపోవచ్చు. చేత్తో నలిపితే పొడిగా రాలే గుల్ల మట్టి అదే నీళ్లలో గంటసేపు చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

లోపల జరిగేది ఇది. ఎండిన పెళ్లలోని సన్న ఖాళీల నిండా గాలి ఉంటుంది. ఒక్కసారిగా నీరు అన్ని వైపుల నుంచి చొచ్చుకొస్తే ఆ గాలి బయటికి పోయే దారిలేక ఒత్తిడికి గురై, పెళ్లను లోపలి నుంచి పగలగొడుతుంది. దీనికి వాన చినుకు దెబ్బ తోడవుతుంది. పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. జిగురు లేని రవ్వ ఆ దెబ్బకు చెదిరి, దాని సన్న రేణువులు మట్టి రంధ్రాలను పూడ్చేస్తాయి. ఎండ రాగానే పైన అట్టకడుతుంది. ఎర్ర నేలల్లో సజ్జ, జొన్న మొలకలు పైకి రాలేక లోపలే మెలికలు తిరిగేది ఈ పొర వల్లే. ఆ తర్వాతి వానకు నీరు లోపలికి దిగదు, పైపైన పారుతుంది. పారే నీరు మట్టిని ఎత్తుకుపోతుంది.

మా నేలకు పట్టు ఉందో లేదో ఇంట్లో చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, ఖర్చేమీ లేదు. రెండు గాజు గ్లాసులు, రెండు టీ వడపోతలు చాలు. చేను మధ్యలో నుంచి ఉసిరికాయంత పెళ్ల ఒకటి, గరిక పెరిగిన గట్టు మీద నుంచి అంతే పెళ్ల ఇంకొకటి తీసుకోండి. పెళ్లలను నలపకండి, నొక్కకండి. రెండింటినీ నీడలో పూర్తిగా ఆరనివ్వండి. గ్లాసుల్లో నీళ్లు పోసి, వడపోతలను అంచుకు తగిలించి, పెళ్లలు నీళ్లలో మునిగేలా ఒకేసారి పెట్టండి.

చేను మధ్య పెళ్ల నుంచి మొదట బుడగలు వస్తాయి. తర్వాత అంచులు జారడం మొదలవుతుంది, సన్న మన్ను వడపోతలోంచి దిగి గ్లాసు అడుగున చేరుతుంది, నీళ్లు ఎర్రబడతాయి. గట్టు మీది పెళ్ల నుంచి కూడా బుడగలు వస్తాయి కానీ అది చాలాసేపు నిలబడుతుంది. బయటికి తీసి విరిచి చూస్తే లోపల తెల్లటి సన్న వేర్లు, వాటిని అంటిపెట్టుకున్న రవ్వలు కనిపిస్తాయి. రెండూ ఒకే పొలం మట్టి. తేడా అంతా ఒకచోట ఏటా దుక్కి, ఇంకోచోట ఏళ్లుగా కదిలించని గడ్డి కావడమే.

బడిలో పిల్లలతో చేయించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం నాకు తెలియదు. రేగడి నేల మాత్రం తడిస్తే ఉబ్బుతుంది కాబట్టి పెళ్ల ఆకారం మారినంత మాత్రాన పట్టు లేదనుకోకండి. నీళ్లు ఎంత మురికి అయ్యాయో చూడండి.

వేర్లు మట్టిని ఎలా పట్టి ఉంచుతాయి?

మనకు కనిపించే లావు వేర్లు మొక్కను నిలబెడతాయి. మట్టిని కట్టే పని ఎక్కువగా సన్న వేర్లది, వాటి మీది నూగుది. అమెరికాలో డిట్మర్ అనే వృక్ష శాస్త్రవేత్త రై అనే ధాన్యపు మొక్కను పెట్టెలో నాలుగు నెలలు పెంచి, వేర్లన్నీ కడిగి కొలిచి 1937లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఒక్క మొక్క వేర్ల మొత్తం పొడవు సుమారు 623 కిలోమీటర్లు. వేరు నూగు కూడా కలిపితే మరో పదివేల కిలోమీటర్లకు పైనే.

వేరు పొడవుగా సాగేటప్పుడు పక్కనున్న రేణువులను నొక్కి దగ్గర చేస్తుంది. వేరు చివర నుంచి జారుడు బంక వస్తుంది, రేణువులు దానికి అంటుకుంటాయి. మొక్క నీరు తాగినప్పుడు వేరు చుట్టూ మట్టి ఆరుతుంది, వానకు మళ్లీ తడుస్తుంది. ఇలా తడిసి ఆరడం వల్ల రవ్వలు విడివిడిగా రూపు కడతాయి. వీటన్నిటికన్నా పెద్ద సాయం ఇంకోటి ఉంది. మొక్క తన ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని వేర్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. సూక్ష్మజీవులకు అదే తిండి.

ఒక సజ్జ మొక్కను తేమ ఉన్నప్పుడు మెల్లగా పెకలించి విదిలించి చూడండి. వేర్ల చుట్టూ మట్టి తొడుగు వేసినట్టు అంటుకుని ఉంటుంది. ఎంత విదిలించినా రాలదు.

చెట్టు మేలా, గడ్డి మేలా?

పైనున్న ఒక అడుగు లోతు మట్టి మాటకొస్తే గడ్డే మేలు. సన్న వేర్లు అంత దట్టంగా ఇంకే మొక్కకూ ఉండవు. 1930లలో అమెరికా మధ్య మైదానాల్లో దుమ్ము తుఫాన్లు లేచి లక్షలాది కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లాయి. వేల ఏళ్లుగా మట్టిని పట్టుకున్న గడ్డిని దున్నేసి గోధుమ వేశారు, కరువు వచ్చింది, పంట ఎండింది, నేలను పట్టుకునేది ఏదీ మిగల్లేదు. 1935 ఏప్రిల్ 14న లేచిన తుఫాను పట్టపగలే చీకటి చేసింది. అదే నెలలో అక్కడ నేల సంరక్షణ చట్టం వచ్చింది.

చెట్టు వేర్లు లోతుకు పోతాయి, వాలు మీద మందపాటి మట్టిని పట్టి ఉంచుతాయి. కానీ కింద ఆకు లేకుండా, గడ్డి లేకుండా చెట్లు ఒక్కటే ఉంటే మట్టి పోతూనే ఉంటుంది. ఎత్తైన ఆకుల నుంచి జారిన చినుకు పెద్దదై మరింత బలంగా నేలను కొడుతుంది. చెట్టు కింద ఆకులు ఊడ్చి తగలబెట్టే అలవాటు ఉంటే దయచేసి మానుకోండి.

బూజు దారాల గురించి చాలా వింటున్నాం. అవి అంత ముఖ్యమా?

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. మన పంటల్లో చాలావాటి వేర్లలో మైకోరైజా అనే శిలీంధ్రం కాపురం ఉంటుంది. జొన్న, మొక్కజొన్న, వేరుశనగ, కంది, మిరప అన్నిటికీ ఇది ఉంటుంది. వేరు చొరలేని సందుల్లోకి కూడా దీని దారాలు పాకి భాస్వరం, నీరు తెచ్చిస్తాయి. బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో మట్టికి కలిసొచ్చేదేమిటంటే, ఆ దారాలు రవ్వలను చుట్టి, ఒకదానితో ఒకటి కట్టేస్తాయి.

1996లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకురాలు సారా రైట్ ఈ శిలీంధ్రంతో ముడిపడిన ఒక జిగురు పదార్థాన్ని గుర్తించారు. దానికి గ్లోమాలిన్ అని పేరు. మట్టి పట్టుకు అదే అసలు కారణమని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ మాట కొంచెం ఆచితూచి తీసుకోవాలి. దాన్ని కొలిచే పద్ధతిలో మట్టిలోని వేరే ప్రొటీన్లు కూడా కలిసి వస్తాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. జిగురు లెక్క ఎలా ఉన్నా, దారాలు రవ్వలను చుట్టి పట్టుకోవడం సూక్ష్మదర్శినిలో కళ్లారా కనిపించే విషయం.

ఆవ, క్యాబేజీ కుటుంబపు మొక్కల్లో ఈ శిలీంధ్రం ఉండదు. తోటకూర కుటుంబంలో కూడా చాలావరకు ఉండదు. కాబట్టి ఏళ్ల తరబడి అవే వేస్తే దారాలు తగ్గిపోతాయి. భాస్వరం ఎరువు అవసరానికి మించి వేసినా మొక్క ఈ శిలీంధ్రాన్ని దగ్గరికి రానివ్వదు.

మరి బ్యాక్టీరియా?

గ్రాము మట్టిలో కోట్లాది బ్యాక్టీరియా ఉంటాయి. తాము ఎండిపోకుండా, కొట్టుకుపోకుండా ఉండటానికి తమ చుట్టూ ఒక బంక పొర కట్టుకుంటాయి. ఆ బంక రేణువులకు కూడా అంటుకుంటుంది. అవి చచ్చాక మిగిలిన వాటి శరీర భాగాలు బంకమన్ను మీద అతుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మట్టిలో నిలవ ఉండే సేంద్రియ పదార్థంలో పెద్ద వాటా ఇలా చచ్చిన సూక్ష్మజీవులదే.

వానపాములు మట్టిని గుల్ల చేస్తాయి కదా. గుల్ల చేసేది మట్టిని కలిపి ఉంచుతుందా?

రెండూ చేస్తుంది. వానపాము మట్టిని, కుళ్లిన ఆకును కలిపి మింగుతుంది. పొట్టలో రెండూ బాగా కలిసి, బంక చేరి బయటికి వస్తాయి. వానాకాలంలో గడ్డి మొదళ్ల దగ్గర సేమియా ముక్కల్లాంటి చిన్న కుప్పలు కనిపిస్తాయే, అవే. పచ్చిగా ఉన్నప్పుడు అవి మెత్తగా ఉంటాయి, చినుకుకు చెదిరిపోతాయి. ఒకసారి ఆరి, బూజు దారాలు పట్టాక మాత్రం చుట్టూ ఉన్న మట్టికన్నా గట్టిగా నీటిని తట్టుకుంటాయి. చార్లెస్ డార్విన్ వానపాముల మీద ఏళ్ల తరబడి గమనించినది 1881లో ప్రచురించాడు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఏడాదికి ఎకరానికి 10 టన్నులకు పైగా మట్టి వాటి కడుపులోంచి వెళ్తుందని లెక్కగట్టాడు.

వర్మీకంపోస్టు తొట్టెల్లో పెంచే వానపాములు వేరు. అవి కుళ్లే చెత్తలో బతికేవి, చేలో వదిలితే మట్టిలోకి దిగి పనిచేయవు. తిండి, తేమ, నీడ ఉంటే పొలంలో వానపాములు వాటంతటవే వస్తాయి.

చెదలు కూడా మేలు చేస్తాయా?

పట్టు విషయంలో చేస్తాయి. చెదలు లాలాజలంతో, మలంతో మట్టిని అతికి పుట్ట కడతాయి. ఎన్ని వానలు పడ్డా పుట్ట నిలబడటం ఊళ్లో అందరూ చూసిందే. పాత రోజుల్లో అరుగులకు, గోడలకు పుట్టమన్ను వాడింది ఈ గుణం చూసే.

పశువుల ఎరువు ఒకసారి బాగా తోలితే కొన్నేళ్లపాటు చాలదా?

చాలదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

జీవులు కట్టిన పట్టుకు ఆయుష్షు ఉంది. బ్యాక్టీరియా బంక కొన్ని వారాల్లో తయారవుతుంది, కొన్ని వారాల్లోనే ఇతర సూక్ష్మజీవులకు తిండైపోతుంది. వేర్లు, బూజు దారాలు కట్టిన పట్టు నెలల నుంచి కొన్నేళ్ల వరకు నిలుస్తుంది. సన్న రవ్వల లోపల బంకమన్నుతో కలిసిపోయిన పదార్థం మాత్రమే చాలా కాలం ఉంటుంది. అంటే పెద్ద రవ్వలు ఎప్పుడూ ఒకవైపు విడిపోతూ, మరోవైపు కొత్తగా కట్టుకుంటూ ఉంటాయి. కట్టే జీవులకు తిండి ఆగిందంటే విడిపోవడం ఒక్కటే జరుగుతుంది.

పచ్చిరొట్ట (పచ్చిగా ఉండగానే నేలలో కలిపే పైరు) దున్నితే కొద్ది వారాల్లోనే పట్టు బాగా పెరిగి, తర్వాత తగ్గుతుంది. గడ్డి, చొప్ప లాంటి ముదురు పదార్థం మెల్లగా పనిచేస్తుంది, ఎక్కువకాలం నిలుస్తుంది. ఎరువు తోలిన ఏడాది బాగుండి రెండో ఏడాదికి నేల మళ్లీ అట్టకట్టిందని రైతులు అనడానికి కారణం ఇదే. మూడేళ్లకోసారి పది బండ్లు తోలడం కంటే ఏటా మూడు బండ్లు తోలి, ఏడాదిలో వీలైనన్ని నెలలు నేలలో ఏదో ఒక బతికున్న వేరు ఉండేలా చూసుకోవడం మంచిది. ఎండాకాలమంతా ఖాళీగా ఎండే చేలో సూక్ష్మజీవులు ఉపవాసం ఉంటాయి. తొలకరి పెద్ద వాన పడేది సరిగ్గా ఆ తర్వాతే.

దున్నడం పూర్తిగా మానేయాలా?

మానేయలేని పరిస్థితి చాలామందిది. కలుపు ఉంది, గట్టిపడ్డ నేల ఉంది. కాకపోతే ప్రతి దుక్కీ బూజు దారాలను తెంపుతుంది, రవ్వలను పగలగొడుతుంది, లోపల దాగిన సేంద్రియ పదార్థానికి గాలి తగిలించి త్వరగా కరిగిపోయేలా చేస్తుంది. రోటవేటర్ తిప్పిన నేల మెత్తటి పిండిలా చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మొదటి గట్టి వానకే అట్టకడుతుంది. విత్తనానికి అంత మెత్తదనం అక్కర్లేదు. ఒక సాలు దుక్కి తగ్గించగలిగితే తగ్గించండి, వాలుకు అడ్డంగా దున్నండి, తడి ఎక్కువున్నప్పుడు ట్రాక్టర్ దించకండి.

వరి మడిలో దమ్ము చేస్తాం కదా, మరి అక్కడ?

దమ్ము చేయడమంటేనే నీళ్లు పెట్టి బురదగా దున్ని, రవ్వలను కావాలని పగలగొట్టడం. నీరు ఇంకకుండా నిలవాలంటే అలాగే చేయాలి. మడి సమతలంగా ఉంటుంది, చుట్టూ గట్టు ఉంటుంది కాబట్టి మట్టి పోదు. చిక్కు వచ్చేది వరి తర్వాత వేసే పంటకు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే మినుము, పెసర చల్లే పద్ధతి ఈ విధంగా చూస్తే కూడా తెలివైనదే. నేలను మళ్లీ కదిలించరు, వరి మోళ్లు ఉంటాయి, కొత్త వేర్లు దిగుతాయి.

రేగడి, చల్క, చౌడు: అన్ని నేలల్లో జీవుల పని ఒకేలా ఉంటుందా?

ఉండదు. చల్క నేలలో బంకమన్ను తక్కువ, కాబట్టి జీవులు కట్టిన పట్టే ఆధారం. ఎరువు ఆపితే తేడా వెంటనే కనిపిస్తుంది. రేగడి తడిసి ఉబ్బి, ఎండి పగిలి తనంతట తానే కొంత గుల్లబారుతుంది. అయినా వానాకాలంలో ఖాళీగా వదిలితే ఘోరంగా పోతుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద ఒక దీర్ఘకాల ప్రయోగం నడిచింది. ఒకవైపు వానాకాలంలో ఖాళీగా ఉంచి శీతాకాలంలో జొన్న, శనగ వేసే పాత పద్ధతి. మరోవైపు వెడల్పు మళ్లు (కాలువల మధ్య ఎత్తుగా చేసిన పట్టెలు) తీసి, వానాకాలంలోనే కందితో కలిపి పంట వేసే పద్ధతి. పాత పద్ధతిలో ఏడాదికి హెక్టారుకు ఆరు టన్నులకు పైగా మట్టి పోతే, రెండోదాంట్లో పోయింది సుమారు ఒకటిన్నర టన్నులే. మళ్ల పాత్ర కూడా ఇందులో ఉంది, అంతా వేర్ల ఘనతే అనలేం. కానీ వానలు పడే రోజుల్లో నేల మీద పంట ఉండటం ఎంత పెద్ద తేడానో ఇది చెబుతోంది.

చౌడు సంగతి వేరు. సోడియం ఎక్కువైతే బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అలాంటిచోట ఎన్ని సూక్ష్మజీవుల ద్రావణాలు పోసినా నిలవదు. ముందు మట్టి పరీక్ష చేయించి, జిప్సం వేసి, మంచి నీటితో ఉప్పు కడిగి, ఆ తర్వాత జీలుగ వేయాలి. చౌడును తట్టుకునే పచ్చిరొట్టల్లో జీలుగే నమ్మకమైనది.

జీవామృతం పోస్తే మట్టి కట్టుకుంటుందా?

జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఎకరానికి ఇంతే. సూక్ష్మజీవులకు ఇది మంచి ఉత్ప్రేరకం కావచ్చు. కానీ ఎకరం నేలలోని జీవులకు ఏడాది పొడుగునా సరిపోయే తిండి కాదు. పైన ఆకుల కప్పు, లోపల బతికున్న వేరు లేని బోడి చేలో జీవామృతం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు వానాకాలానికి ముందే పొడి నేలలో నవధాన్యాల విత్తనాలు చల్లే పద్ధతి పాటిస్తున్నారు. జొన్న, సజ్జ, కంది, అలసంద, పెసర, నువ్వు, ఆవ, ఆకుకూరలు ఇలా ఎన్నో రకాల గింజలకు మట్టి, బూడిద, జీవామృతం పట్టించి ఎండాకాలంలోనే వేసి, పైన గడ్డి కప్పుతారు. పడిన కొద్దిపాటి జల్లులకే మొలుస్తాయి. మామూలుగా నేల ఖాళీగా ఉండే నెలల్లో వేరు ఉండేలా చూడటం దీని గొప్పతనం. జీవామృతం కన్నా నాకు ఇది ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

మైకోరైజా ప్యాకెట్లు కొనాలా?

చాలా పొలాల్లో ఆ శిలీంధ్రం ముందే ఉంటుంది, దానికి ఆతిథ్యం ఇచ్చే పంట, కదిలించని నేల ఇస్తే పెరుగుతుంది. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పెంచే నారుకు, పైమట్టి పూర్తిగా పోయిన చోట నాటే మొక్కలకు వేరు దగ్గర వాడితే ఉపయోగం ఉంటుంది. మిగతా చోట్ల ఆ డబ్బుతో విత్తనాలు కొని గట్ల మీద చల్లండి.

గట్ల మీద, కోత పడిన చోట ఏం నాటాలి?

వట్టివేరు. దాని వేర్లు పక్కలకు పాకకుండా నిటారుగా రెండు, మూడు మీటర్ల లోతుకు దిగుతాయి, కాబట్టి పంటతో పోటీ తక్కువ. విత్తనంతో పెద్దగా వ్యాపించదు, చేనంతా కలుపై కూర్చోదు. ముదిరిన ఆకును పశువులు అంతగా ముట్టవు. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు దీన్ని తరతరాలుగా పొలం హద్దుగా పెంచుతున్నారు. 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు కానీ రైతులకు అప్పటికే తెలిసిన గడ్డి ఇది. వాలుకు అడ్డంగా, సమాన ఎత్తు గీత మీద, జానెడు దూరం కూడా లేకుండా పిలకలు నాటాలి. మధ్యలో సందులు ఉంటే నీరంతా ఆ సందులోంచి దూకి గండి పెడుతుంది. మొదటి ఏడాది చచ్చిన పిలకల చోట మళ్లీ నాటండి. రెండు మూడేళ్లకు దట్టమైన అడ్డు తయారై, దాని వెనక మట్టి పేరుకుంటూ చిన్న మెట్టు ఏర్పడుతుంది. వేర్లు అమ్ముకోవాలనుకుంటే వేరే చోట పెంచండి, గట్టు మీది వేర్లు తవ్వితే గట్టే పోతుంది.

చెరువు కట్టలకు గరికను మించింది లేదు. గట్ల మీద గ్లైరిసిడియా పెడితే వేరు పట్టు, కొమ్మల నుంచి పచ్చిరొట్ట రెండూ దొరుకుతాయి. వాగు ఒడ్డున వావిలి కొమ్మలు గుచ్చినా బతుకుతాయి. సర్కారు తుమ్మ కూడా మట్టిని గట్టిగా పట్టుకుంటుంది, కాదనను. కానీ ఒకసారి వస్తే వదలదు, చుట్టూ వేరే మొక్కను బతకనివ్వదు. కొత్తగా మాత్రం వేయకండి.

గోదావరి లంకల్లో ఒడ్డు కోతకు వేర్లు అడ్డుకట్ట వేయగలవా?

కొంత మేరకే. రెల్లు భూమిలో పాకే కాండాలతో కొత్తగా మేట వేసిన ఇసుకను పట్టుకుంటుంది, దాని మొదళ్ల దగ్గర ఒండ్రు చేరుతుంది. తీరం పొడవునా రెల్లు కొట్టేసి చివరి అంగుళం దాకా సాగు చేస్తే కోత పెరుగుతుంది. అయితే వరద ఒడ్డు అడుగు భాగాన్ని తొలిచేస్తుంటే, వేర్ల లోతుకన్నా కిందనుంచి మట్టి జారుతుంది. అక్కడ రాతి కట్టడాలు తప్పవు.

సముద్రం ఒడ్డున ఇసుకను ఏవి ఆపుతాయి?

ముందు వరసలో నేల మీద పాకే బాలబండ తీగ, రావణాసురుడి మీసాలు అనే గడ్డి. గాలికి ఎగిరే ఇసుక వీటికి తగిలి ఆగుతుంది. ఇసుక మీద పడే కొద్దీ ఇవి పైకి పెరుగుతాయి, అలా దిబ్బ లేస్తుంది. ఈ దిబ్బలను ఇసుక కోసం తవ్వేసి, చదును చేసి సరుగుడు వేయడం చూస్తుంటాం. సరుగుడు గాలిని అడ్డుకుంటుంది, మంచిదే. కానీ రాలిన ఆకు కింద ఇంకేదీ పెద్దగా మొలవదు. తీగలు, గడ్డి ముందుండి, సరుగుడు వాటి వెనక ఉండాలి.

నది సముద్రంలో కలిసేచోట మడ అడవులు. కాకినాడ దగ్గర 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యంలో చెక్క వంతెన మీద నడుస్తూ ఆటుకు నీరు తీసినప్పుడు కిందికి చూడండి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేల శ్వాస వేర్లు కనిపిస్తాయి. వాటి మధ్య నీటి వేగం తగ్గి, ఒండ్రు కిందికి దిగుతుంది. అయితే మడ చెట్లు వచ్చిన ఒండ్రును పట్టుకోగలవే కానీ లేని ఒండ్రును పుట్టించలేవు. ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతున్న కొద్దీ డెల్టా అంచుకు చేరేది తగ్గుతోంది.

చెట్లు ఉంటే కొండచరియలు విరిగిపడవా?

పలుచటి మట్టి పొర జారిపోకుండా చెట్ల వేర్లు బాగా ఆపుతాయి. చెట్లు నరికిన వెంటనే ప్రమాదం కనపడదు. మొదళ్లు ఉంటాయి, వేర్లు ఉంటాయి. కొన్నేళ్లకు వేర్లు కుళ్లి, కొత్తవి ఇంకా బలపడని కాలంలో వాలు జారుతుంది. అందుకే నరికినవాళ్లకూ, నష్టపోయినవాళ్లకూ మధ్య ఆ సంబంధం కనపడకుండా పోతుంది.

కానీ వేర్ల బలం ఎక్కువగా పైనున్న ఒకటి రెండు మీటర్లలోనే. 2024 జులై 30న వయనాడ్‌లో విరిగిపడిన కొండ చరియ విస్తీర్ణం సుమారు 86,000 చదరపు మీటర్లని హైదరాబాద్‌లోని జాతీయ దూరగ్రాహక కేంద్రం ఉపగ్రహ చిత్రాల నుంచి తేల్చింది. అంత పెద్ద, లోతైన కదలికను ఏ వేరూ ఆపలేదు. అలాంటి వాలు కింద ఇళ్లు కట్టకపోవడమే మార్గం.

నీరే లేని ఎడారిలో జీవులు మట్టిని పట్టగలవా?

పట్టగలవు. పొడి నేలల పైన కొన్ని మిల్లీమీటర్ల మందాన నీలి ఆకుపచ్చ నాచు, లైకెన్లు (నాచు, శిలీంధ్రం జతగా బతికేవి), మాస్ (పాచిలా పరుచుకునే చిన్న మొక్కలు) కలిసి ఒక పొర కడతాయి. భూభాగంలో దాదాపు 12 శాతం మీద ఇలాంటి పొర ఉందని అంచనా. నాచు దారాల చుట్టూ జిగురు తొడుగు ఉంటుంది. తడి తగలగానే దారాలు కదిలి, ఎండగానే ఆ తొడుగులను అక్కడే వదిలేస్తాయి, ఇసుక రేణువులు వాటికి అంటుకుపోతాయి.

చైనాలో షాపొతౌ దగ్గర ఎడారి గుండా పోయే రైలు మార్గాన్ని ఇసుక మింగకుండా 1956 నుంచి ఒక పని చేశారు. గోధుమ గడ్డిని మీటరు చదరపు గళ్లుగా ఇసుకలో సగం పాతారు, పొదలు నాటారు. గడ్డి కొన్నేళ్లకు కుళ్లిపోయింది. ఆలోపు ఇసుక నిలకడగా ఉండటంతో పైన నాచు, తర్వాత మాస్ పొర కట్టాయి. ఆ పొర మీద ఒక్క జీపు చక్రం వెళ్తే చాలు, కోలుకోవడానికి దశాబ్దాలు పట్టొచ్చు.

బ్యాక్టీరియాతో ఇసుకను రాయిగా మారుస్తారట, నిజమేనా?

నిజమే. కొన్ని బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి కార్బొనేట్ తయారుచేస్తాయి. అక్కడ కాల్షియం అందిస్తే సున్నపురాయి స్ఫటికాలు ఏర్పడి ఇసుక రేణువులను అతుకుతాయి. పునాదులకు, దుమ్ము ఆపడానికి దీన్ని ప్రయత్నిస్తున్నారు. మిగిలే అమ్మోనియా పెద్ద తలనొప్పి. పొలానికి దీంతో పనిలేదు, మనకు కావలసింది రాయి కాదు.

ఒకసారి పోయిన మట్టి మళ్లీ ఎప్పటికి తయారవుతుంది?

రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఏర్పడటానికి వెయ్యేళ్ల దాకా పట్టొచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. పోయింది మన జీవితకాలంలో రాదు. మిగిలిన మట్టికి పట్టు తేవడం మాత్రం మన చేతిలో ఉంది. పైపొరలో తేడా రెండు మూడు పంటకాలాల్లోనే కనిపిస్తుంది, ముందు చెప్పిన గ్లాసు పరీక్ష ఏటా ఒకే నెలలో చేస్తే తెలుస్తుంది. చెరువు పూడిక మట్టి తోలితే బంకమన్ను పెరిగి చల్క నేలకు సాయపడుతుంది. దాంతోపాటు ఎరువు కూడా వేయండి.

నాది కౌలు భూమి. వచ్చే ఏడాది ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. ఇదంతా నేనెందుకు చేయాలి?

న్యాయమైన ప్రశ్న. వట్టివేరు నాటమని, మూడేళ్లు ఆగమని మీకు చెప్పడం సబబు కాదు. అది భూమి యజమాని పెట్టాల్సిన ఖర్చు, కౌలు మాట్లాడుకునేటప్పుడే అడగండి.

మీకు ఈ ఏడాదే తిరిగి వచ్చేవి కొన్ని ఉన్నాయి. వేరుశనగలో కంది సాళ్లు వేస్తే, వేరుశనగ పీకాక కూడా నేలలో వేరు మిగులుతుంది, కంది రాబడీ ఉంటుంది. చివరి వానలకు తేమ ఉంటే ఉలవ చల్లండి, విత్తనం ఖర్చు తక్కువ, పశువులకు మేత. వేరుశనగ కట్టె మేతకు పోక తప్పదు, కాబట్టి కంది ఆకు రాలింది రాలినట్టే వదిలేయండి, కలుపు గడ్డిని గింజ పట్టకముందే పీకి సాళ్ల మధ్య పరవండి. అట్టకట్టడం తగ్గితే మొలక బాగా వస్తుంది, మళ్లీ విత్తే ఖర్చు తప్పుతుంది, మధ్యలో రెండు వారాలు వాన ఎగ్గొట్టినా పైరు తట్టుకుంటుంది. ఒకే యజమాని దగ్గర మూడేళ్లకు కౌలు కుదిరితే అప్పుడు గట్ల సంగతి, పచ్చిరొట్ట విత్తనం ఖర్చు సగం సగం పంచుకునే సంగతి కాగితం మీద రాసుకోండి.